పొలుసు పురుగునూ పిండినల్లినీ ఒకే గాటన కట్టకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. వ్యవసాయ పేజీల్లోనూ, మందుల దుకాణాల వాళ్లిచ్చే చీటీల్లోనూ, ఫోన్లలో తిరిగే సలహాల్లోనూ ద్రాక్ష గురించి ఒకే వాక్యం ఏళ్ల తరబడి కనిపిస్తోంది: పిండినల్లి, పొలుసు పురుగుల నివారణకు ఫలానా మందు లీటరు నీటికి ఇంత కలిపి కొట్టాలి అని. ఈ రెంటినీ ఇలా ఒకే గాటన కట్టడం వల్ల రైతు డబ్బు పోతోంది, తీగ పాడవుతోంది. రెండూ రసం పీల్చేవే, రెండూ దగ్గర చుట్టాలే. కానీ పిండినల్లి బతికినన్నాళ్లూ నడుస్తుంది, పొలుసు పురుగు పుట్టిన కొద్ది గంటలకో ఒకటి రెండు రోజులకో ఒకచోట కూర్చుంటే ఇక దాదాపు లేవదు. ఒకదాని ఒంటి మీద పిండి ఉంటుంది, ఇంకొకదాని మీద కవచం ఉంటుంది. కాబట్టి ఏ మందు ఎప్పుడు పనిచేస్తుందన్నది పూర్తిగా మారిపోతుంది. రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల్లో మిగిలిన పందిళ్లలో ఏప్రిల్ కత్తిరింపులు మొదలయ్యేలోగా ఈ ఉత్తరం అచ్చయితే కొన్ని తోటలకైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు గుర్తుపట్టడం. దీనికి కావలసినవి పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, ఒక గుండుసూది. అంతే.

లావు కొమ్మ మీద బూడిద చల్లినట్టు తెల్లగా, గరుకుగా కనిపిస్తే ఆ చోట భూతద్దం పెట్టండి. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గుండ్రటి చిన్న చిన్న డిప్పలు, మూకుడు బోర్లించినట్టు బెరడుకు అతుక్కుని ఉంటాయి. గుండుసూది మొనతో ఒక డిప్ప అంచును మెల్లగా లేపండి. డిప్ప ఊడి సూదికి వస్తుంది, కింద నువ్వుగింజలో సగం కూడా లేని పసుపు రంగు పురుగు బెరడు మీదే ఉండిపోతుంది. దానికి కాళ్లుండవు. దారం లాంటి నోరు బెరడులోకి దిగి ఉంటుంది. డిప్ప వేరు, పురుగు వేరు అయితే అది గట్టి పొలుసు. పురుగు తన మైనంతోనూ విడిచిన కుబుసాలతోనూ కట్టుకున్న ఇల్లు ఆ డిప్ప.

ఇంకొక రకం కొంచెం పెద్దది. సగానికి కోసిన మిరియపు గింజను కొమ్మ మీద అంటించినట్టు, గోధుమ రంగులో ఉబ్బెత్తుగా ఉంటుంది. సూదితో లేపితే మొత్తం ఒక్కటిగా ఊడి వస్తుంది, ఎందుకంటే ఆ డిప్పే దాని ఒళ్లు. ఇది మెత్త పొలుసు. ముదిరిన ఆడపురుగును తిరగేస్తే కింద పిండి పోసినట్టు వందల గుడ్లు కనిపిస్తాయి. తల్లి చచ్చి ఎండిపోయినా ఆ డిప్ప గుడ్లకు గొడుగులా నిలబడే ఉంటుంది. ఆ గొడుగు కిందికి మందు చుక్క వెళ్లదు.

మూడోది పిండినల్లి. దూదిలాంటి తెల్లటి ముద్దల మధ్య గులాబీ రంగు పురుగులు మెల్లగా కదులుతుంటాయి. వేలితో నలిపితే ఎర్రటి నీరు అంటుతుంది. మన ద్రాక్షలో ఎక్కువగా కనిపించే గులాబీ పిండినల్లి మందార మీద, గోంగూర మీద, బెండ మీద కూడా బతుకుతుంది. అందుకే పందిరి పక్క గట్టు మీద గోంగూర మళ్లు వేయవద్దు. కూరాకు కోసం వేసిన రెండు మళ్లు తోటకు పురుగును పెంచి పంపే నారుమళ్లవుతాయి.

అసలు పురుగే కానిదాన్ని పురుగనుకుని మందు కొట్టేవాళ్లూ ఉన్నారు. తుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం మరకలు, గంధకం పొడి, ఉప్పునీటి బోరు నుంచి మిగిలిన తెల్లటి పొర దూరం నుంచి చూస్తే పొలుసులాగే ఉంటాయి. తడి గుడ్డతో రుద్దితే మరక పోతుంది, పొలుసు పోదు. లేత కొమ్మల మీద పక్షికన్ను తెగులు మచ్చ లోపలికి గుంట పడి ఉంటుంది, పొలుసు పైకి ఉబ్బి ఉంటుంది. కళ్లు మూసుకుని బొటనవేలు పోనిచ్చినా ఆ తేడా తెలుస్తుంది.

చీమలు లేవు కదా, ఆకుల మీద మసి లేదు కదా, మా తోటలో పొలుసు లేదు అనుకోవడం ఇంకొక పొరపాటు. పిండినల్లి, మెత్త పొలుసు మొక్క ఆహారం ప్రవహించే నాళాల్లో నోరు పెడతాయి. ఎక్కువైన తీపి రసాన్ని బయటికి వదులుతాయి. ఆ జిగురు మీద నల్లటి మసి తెగులు వస్తుంది, ఆ తీపికి చీమలు వస్తాయి. గట్టి పొలుసు నాళాల జోలికి పోదు, బెరడు కింది కణాలను ఒక్కొక్కటిగా పొడిచి తాగుతుంది. తీపి జిగురు వదలదు. కాబట్టి చీమ రాదు, మసి పట్టదు. తోట శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది, లోపల కొమ్మ ఎండిపోతుంటుంది. కత్తిరింపు తరువాత ఒక తీగ మీద కొన్ని కణుపులు మాత్రం ఆలస్యంగా చిగురించడం, వచ్చిన చిగురు పొట్టిగా పాలిపోయి ఉండటం, మరుసటి ఏడాది ఆ కొమ్మే ఎండటం కనిపిస్తే, ఎరువు లోపమని యూరియా పోసే ముందు ఆ కొమ్మ అడుగు భాగాన్ని భూతద్దంతో చూడండి.

ఏ పురుగు ఎక్కడ నోరు పెడుతుందన్న ఈ మాట మీదే ఇంకొక ముఖ్యమైన సంగతి ఆధారపడి ఉంది. డ్రిప్పులో ఇమిడాక్లోప్రిడ్ పంపితే పొలుసు పోతుందని చాలామంది చెబుతున్నారు. ఆ మందు వేరు ద్వారా నీళ్లతో పాటు పైకెక్కి, నాళాల్లో రసం తాగే పురుగులను చంపుతుంది. పిండినల్లికి, మెత్త పొలుసుకు అందుతుంది. కణాలు పొడిచి తాగే గట్టి పొలుసుకు చంపేంత మోతాదు చేరదు. గుండుసూది పరీక్ష చేయకుండా డ్రిప్పులో మందు పంపడం అంటే సగం సందర్భాల్లో మట్టిలో డబ్బు పోయడమే.

ఇక పని. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాం. అక్టోబరులో కాయ కోసం, ఏప్రిల్‌లో కొమ్మ కోసం. ఏప్రిల్‌లో ఒకటి రెండు కణుపుల దాకా కోసేస్తాం కాబట్టి తీగ ఒళ్లంతా బయటపడుతుంది. కొత్త చిగురు పొడుచుకు రావడానికి పది రోజులు అటూ ఇటూ పడుతుంది. పొలుసు మీద యుద్ధానికి ఇంతకన్నా మంచి సమయం ఏడాదిలో దొరకదు. కాయ లేదు, ఆకు లేదు, మందు అవశేషాల భయం లేదు. చేతికి, కంటికి అడ్డేమీ లేదు. గుత్తులు దిగాక కొట్టే నాలుగు మందులకన్నా ఈ పది రోజుల్లో చేసిన చేతిపని ఎక్కువ ఫలితమిస్తుందని గట్టిగా నమ్ముతాను.

కోసిన కొమ్మలను అదే రోజు తోట దాటించాలి. పందిరి కిందో గట్టు పక్కనో కుప్ప పోస్తే, కొమ్మ ఎండేలోగా డిప్పల కింది గుడ్లు పగిలి పిల్లలు పాకుతాయి. ఎండిన కొమ్మలను పొయ్యిలోకి దాచుకునే అలవాటున్న చోట ఆ కుప్ప తోటకు దూరంగా ఉండాలి.

తరువాత బెరడు ఒలవడం. పాత అనాబ్‌-ఎ-షాహి రకం ద్రాక్ష తీగల కాండం మీద బెరడు పేలికలు పేలికలుగా వేలాడుతుంటుంది. దాని కింద చూస్తే పిండినల్లి దూది ముద్దలు, పొలుసు డిప్పలు, సాలెగూళ్లు అన్నీ ఒకచోటే ఉంటాయి. వదులుగా ఉన్నది మాత్రమే చేత్తో లాగి, మిగిలినదాన్ని గోనెసంచి ముక్కతో గట్టిగా రుద్దాలి. కొడవలి, కత్తి వాడవద్దు. పచ్చి బెరడు చిట్లితే ఆ గాయంలోంచి శిలీంధ్రం దిగి కొమ్మ ఎండుతుంది, పురుగు చేసే నష్టం కన్నా అదే పెద్దదవుతుంది. పని మొదలుపెట్టే ముందు తీగ చుట్టూ పాత టార్పాలిన్ పరచండి. రాలిన బెరడంతా అందులోకి పడుతుంది. దాన్ని మూటకట్టి తోట బయట కాల్చేయాలి, లేదా రెండడుగుల గోతిలో పూడ్చాలి. నేల మీద వదిలేస్తే పిండినల్లి మళ్లీ నడుచుకుంటూ కాండం ఎక్కుతుంది.

కొమ్మను పందిరి ఇనుప తీగకు కట్టిన పాత పురికొస ముడులను మరచిపోవద్దు. ముడి కింద వేలు పెట్టేంత చోటులో పదులకొద్దీ పొలుసులు దాక్కుంటాయి, అక్కడికి మందూ వెళ్లదు, పొలుసును తినే అక్షింతల పురుగూ వెళ్లదు. పాత ముడి కోసేసి, ఆ చోట రుద్ది, కొత్తగా వదులుగా కట్టండి.

బెరడు ఒలిచిన తరువాత రెండు మూడు రోజుల్లో, చిగురు రాకముందే పిచికారీ చేయాలి. ఇక్కడ ఘాటైన మందు అక్కర లేదు. పొలుసుకు ఊపిరి ఆడనీయకుండా చేసేది చాలు. చేపనూనె రోజిన్ సబ్బు లీటరుకు 25 గ్రాముల చొప్పున వాడవచ్చు. పదహారు లీటర్ల ట్యాంకుకు 400 గ్రాములు, రెండువందల లీటర్ల డ్రమ్ముకు 5 కిలోలు. సబ్బును నేరుగా డ్రమ్ములో పడేస్తే ముద్దలుగా ఉండిపోయి నాజిల్ మూసుకుపోతుంది. ముందు ఒక బకెట్ వేడినీళ్లలో పూర్తిగా కరిగించి, గుడ్డలో వడగట్టి, అప్పుడు డ్రమ్ములో కలపాలి.

ఈ సబ్బు విషయంలో మన ప్రాంతంలో ఎక్కువగా దెబ్బతీసేది బోరు నీళ్లు. నీటిలో సున్నం ఎక్కువగా ఉంటే సబ్బు విరిగిపోతుంది, పాలు విరిగినట్టే. అప్పుడు కొట్టేది సబ్బు నీళ్లు కాదు, సున్నపు తరకలు. పురుగు చావదు, మందు మంచిది కాదని రైతు అంటాడు. దీన్ని ముందే తెలుసుకోవడం చాలా తేలిక. లీటరు సీసాలో మీ బోరు నీళ్లు పోసి, 25 గ్రాముల సబ్బు కరిగించి, బాగా ఊపి పది నిమిషాలు పక్కన పెట్టండి. పైన తెల్లటి తరకలు తేలితే ఆ నీళ్లు పనికిరావు. వాన నీళ్లో చెరువు నీళ్లో తెచ్చుకోవాలి, లేదంటే సబ్బు వదిలి నూనె వైపు వెళ్లాలి. ఇదే కారణంగా సబ్బును బోర్డో మిశ్రమంతో ఎప్పుడూ కలపకూడదు. అందులోనూ సున్నమే ఉంది.

నూనె అంటే తోటల కోసం తయారుచేసిన, నీటిలో కలిసే మినరల్ ఆయిల్. ఆకు లేని కొమ్మకు లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే రెండువందల లీటర్ల డ్రమ్ముకు 4 లీటర్లు. ఆకు ఉన్నప్పుడు అందులో సగం మించవద్దు. ఇంజను ఆయిలు, వాడేసిన ఆయిలు కలిపి పూసే పద్ధతి అక్కడక్కడా ఉంది, అది కొమ్మను చంపుతుంది. నూనెతో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి ఎండ. 35 డిగ్రీలు దాటాక నూనె కొడితే కణుపు మొగ్గలు కాలిపోతాయి. ఏప్రిల్‌లో సాయంత్రం అయిదింటికి కూడా వేడి తగ్గదు కాబట్టి పొద్దున్నే ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపల ముగించాలి. రెండోది గంధకం. బూడిద తెగులుకు గంధకం కొట్టిన తోటలో రెండు మూడు వారాల దాకా నూనె కొట్టవద్దు, నూనె కొట్టాక కూడా అంతే వ్యవధి ఇచ్చి గంధకం కొట్టాలి. ఈ రెండూ కలిస్తే ఆకు, చిగురు మాడిపోతాయి. మందుల పుస్తకంలో తేదీలు రాసుకోని తోటలో ఈ ప్రమాదం తప్పదు. గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో రాసినా సరే, రాసిపెట్టుకోండి.

కొట్టే విధానం మందు కన్నా ముఖ్యం. పందిరి కింద నిలబడి పైకి కొడితే కొమ్మల అడుగు భాగం తడుస్తుంది, ఇనుప తీగల మీద పరుచుకున్న పై భాగం పొడిగా ఉండిపోతుంది. మరుసటి వారం చూస్తే కింద శుభ్రం, పైన పురుగు. పిచికారీ గన్ను కొనను పందిరి పైకి పోనిచ్చి కిందికి వంచి కూడా ఒకసారి కొట్టాలి. పెద్ద తీగకు కాండం, లావు కొమ్మలు కలిపి దాదాపు రెండు లీటర్ల ద్రావణం పడుతుంది. అర లీటరుతో సరిపెడితే పైపైన తేమ మాత్రమే మిగులుతుంది. బెరడు రంగు మారి నల్లబడేదాకా తడవాలి. పైకి కొట్టేటప్పుడు చుక్కలన్నీ మొహం మీదే పడతాయి. సబ్బు నీళ్లే కదా అని వదిలేయకుండా కళ్లద్దాలు, టోపీ, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. కూలీలకు కూడా అవి తోట యజమానే ఇవ్వాలి.

ఈ పిచికారీతో పెద్ద పురుగులు చాలావరకు పోతాయి, గుడ్లు అన్నీ పోవు. కొన్ని వారాల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఒక మిల్లీమీటరులో మూడో వంతుండే పసుపు, నారింజ రంగు చుక్కలు. పొలుసు పురుగు బతుకు మొత్తంలో మందు సులువుగా అందేది ఈ పాకే దశలోనే. అందుకని క్యాలెండరు చూసి కాదు, పిల్లలను చూసి మందు కొట్టాలి. మన వాతావరణంలో తరాలు ఒకదాని మీద ఒకటి వస్తుంటాయి, ఫలానా తేదీన పిల్లలు వస్తాయని ఎవరూ చెప్పలేరు.

పిల్లలను చూడటానికి స్టేషనరీ దుకాణంలో దొరికే రెండువైపులా అంటుకునే టేపు చాలు. ఎకరాకు ఇరవై తీగలు ఎంచుకోండి, వరసగా కాకుండా తోటంతా అక్కడక్కడా. కాండానికి రంగు గుడ్డ కట్టి గుర్తు పెట్టండి. పొలుసు ఉన్న చోటికి బెత్తెడు దూరంలో కొమ్మ చుట్టూ టేపు ఒక చుట్టు చుట్టండి. వారానికొకసారి విప్పి భూతద్దంతో చూసి, కొత్తది చుట్టండి. మొదటి వారం నాలుగైదు పసుపు చుక్కలు, రెండో వారం ఇరవై ముప్పై ఉంటే పిల్లలు బయలుదేరాయని అర్థం. అప్పుడే కొట్టాలి. ఇంకొక పది రోజులు ఆగితే గట్టి పొలుసు పిల్లలు కూర్చున్నచోటే తెల్లటి టోపీ పెట్టుకుంటాయి, ఆ టోపీ గట్టిపడిన కొద్దీ మందు పట్టు తగ్గిపోతుంది.

ఈ దశకు బుప్రోఫెజిన్ 25 శాతం మందు సరిపోతుంది, లీటరుకు 1.25 మిల్లీలీటర్లు, రెండువందల లీటర్లకు 250 మిల్లీలీటర్లు. ఇది పురుగును కొట్టగానే చంపదు. కుబుసం విడిచేటప్పుడు కొత్త చర్మం ఏర్పడకుండా చేస్తుంది. కాబట్టి పిల్లల మీదే పనిచేస్తుంది, ముదిరిన ఆడపురుగు మీద పనిచేయదు. మూడో రోజు తోటలోకి వెళ్లి పురుగులు బతికే ఉన్నాయని ఇంకొక ఘాటు మందు కొట్టేవాళ్లు చాలామంది. వారం, పది రోజులు ఆగి చూడాలి. రెండో విడత పన్నెండు నుంచి పదిహేను రోజుల్లో, టేపు మీద చుక్కలు ఇంకా పడుతుంటేనే.

ఆ ఘాటు మందు గురించి చెప్పాలి. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే ఘాటు పురుగుమందులు కొట్టిన తోటల్లో పొలుసు పెరగడం కొత్త సంగతి కాదు, కారణం కూడా తెలిసిందే. డిప్ప కింద ఉన్న పురుగుకు మందు అందదు, డిప్ప మీద తిరిగే బదనికలకు (పొలుసులో గుడ్డు పెట్టి దాన్ని చంపే చిన్న కందిరీగలకు), అక్షింతల పురుగులకు అందుతుంది. కాపలా చచ్చి దొంగ మిగులుతాడు. పొలుసు డిప్ప మీద గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం కనిపిస్తే, లోపల పెరిగిన చిన్న కందిరీగ బయటికి వెళ్లిపోయిందని అర్థం. వంద డిప్పల్లో ముప్పై నలభైకి రంధ్రాలుంటే మందు డబ్బా మూసి పక్కన పెట్టండి. మిగతా పని అవే చూసుకుంటాయి. మిలమిల మెరిసే నల్లటి చిన్న అక్షింతల పురుగులు కొమ్మ మీద తిరుగుతుంటే అవి గట్టి పొలుసును తినేవి.

పిండినల్లికి వేరే నేస్తం ఉంది, క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగు. ముందు భాగం ఇటుక రంగు, వెనక నలుపు. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చింది కాఫీ తోటల్లో పచ్చ పొలుసు పురుగు కోసం. చివరికి పేరు తెచ్చుకున్నది పిండినల్లి మీద. దూది ముద్దల్లో గుడ్లు పెట్టి పెరిగే పురుగు కాబట్టి, పిండినల్లికి తీగకు పది చొప్పున వదలమని సలహా ఇస్తారు. గట్టి పొలుసు మీద వదిలితే నిలవదు. ఇక్కడ కూడా అదే కథ, పురుగేదో తెలియకుండా నేస్తాన్ని కొనకూడదు. దీని పిల్ల పురుగు అచ్చం పెద్ద పిండినల్లిలా తెల్లటి దారాలతో ఉంటుంది, రైతులు దీన్నే పెద్ద పిండినల్లి అనుకుని నలిపేస్తారు. తేడా నడకలో ఉంది. పిండినల్లి బద్ధకంగా జరుగుతుంది, ఇది గబగబా పరిగెడుతుంది. ఒంటి మీది మైనపు దారాలు కూడా పొడుగ్గా, చిందరవందరగా ఉంటాయి.

చీమలను ఆపకుండా ఏ నేస్తాన్ని వదిలినా ఫలితం సగమే. తీపి కోసం చీమ పిండినల్లికీ మెత్త పొలుసుకూ కాపలా కాస్తుంది, బదనికలను తరిమేస్తుంది. కాండం చుట్టూ జానెడు వెడల్పు ప్లాస్టిక్ పట్టీ చుట్టి, పైన గ్రీజు పూయాలి. గ్రీజును నేరుగా బెరడుకు పూస్తే బెరడు కుళ్లుతుంది. చాలామంది కాండానికి పట్టీ కట్టి ఊరుకుంటారు, చీమ పందిరి రాతి కడీ ఎక్కి పందిరి ఇనుప (జీఐ) తీగ మీదుగా దర్జాగా వెళ్తుంది. కడీలకు కూడా పట్టీ కట్టాలి. పందిరికి తగిలే ఎత్తైన కలుపు మొక్కలు, వేలాడే డ్రిప్ పైపు కూడా చీమకు వంతెనలే. దుమ్ము పేరుకుంటే గ్రీజు పనిచేయదు, రెండు మూడు వారాలకొకసారి గీకి మళ్లీ పూయాలి. బండ్లు తిరిగే మట్టి దారి పక్క వరసల్లో పొలుసు ఎక్కువగా కనిపించడానికి కూడా దుమ్మే కారణం. ఆకుల మీద, కొమ్మల మీద దుమ్ము ఉంటే బదనికలు పనిచేయలేవు. దారి మీద నీళ్లు చల్లితే అది కూడా సస్యరక్షణే.

వానాకాలంలో గాలిలో తేమ ఉన్నప్పుడు లెకానిసిలియం లెకాని అనే శిలీంధ్రం పొడిని లీటరుకు 5 గ్రాముల చొప్పున సాయంత్రం పూట కొట్టవచ్చు. పిండినల్లికీ మెత్త పొలుసుకూ బాగా పనిచేస్తుంది. చిక్కేమిటంటే అదే నెలల్లో బూజు తెగులుకు మాంకోజెబ్, రాగి మందులు వరసగా కొడుతుంటాం. అవి మనం డబ్బిచ్చి కొన్న శిలీంధ్రాన్ని కూడా చంపుతాయి. ముందూ వెనకా వారం పది రోజుల ఖాళీ దొరికితేనే కొట్టండి, దొరకకపోతే కొనవద్దు.

గుత్తుల్లో పిండినల్లి దిగాక చేయగలిగింది చాలా తక్కువ. గింజలు బిగిసిన గుత్తి లోపలికి ఏ మందూ వెళ్లదు. అలాంటి గుత్తిని సంచిలోకి కోసి బయటికి తీసుకెళ్లడమే మార్గం. ద్రాక్షను తొక్క తీసి తినేవాళ్లు ఉండరు, పిల్లలు కడగకుండానే నోట్లో వేసుకుంటారు. కోతకు ముందు రోజుల్లో కొట్టిన ప్రతి చుక్కా ఎవరో ఒకరి నోటికి వెళ్తుంది. కోతకు ఎన్ని రోజుల ముందు ఏ మందు ఆపాలో పుణె దగ్గర మాంజరిలోని జాతీయ ద్రాక్ష పరిశోధనా కేంద్రం పట్టిక విడుదల చేస్తుంది. ఆ పట్టికలో లేని మందు కొట్టకపోవడం మంచిది. పాత కరపత్రాల్లో ఇప్పటికీ డైక్లోర్‌వాస్, మిథోమిల్ కనిపిస్తాయి. డైక్లోర్‌వాస్ 2020 డిసెంబరు 31 నుంచి నిషేధంలో ఉంది, మిథోమిల్‌ను 2023లో నిషేధించారు. ఆ కరపత్రాలను గోడల మీంచి తీసేయించాలి.

మందు పనిచేసిందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? చచ్చిన పొలుసు రాలిపోదు. నెలల తరబడి కొమ్మకు అతుక్కునే ఉంటుంది. అది చూసి మళ్లీ మందు, మళ్లీ ఖర్చు. కొట్టేముందు గుర్తుపెట్టిన తీగల మీద వంద డిప్పలు సూదితో లేపి చూసి, కింద పచ్చిగా, నలిపితే నీరు వచ్చేవి ఎన్నో రాసుకోండి. మూడు వారాల తరువాత మళ్లీ వంద. ఎండి పొట్టులా రాలితే చచ్చినట్టు. పచ్చివాటి సంఖ్య తగ్గితే మందు పనిచేసినట్టే, కొమ్మ ఎంత తెల్లగా కనిపించినా సరే.

కొత్త తోటలకు పొలుసు వచ్చే దారి చాలావరకు మొక్కలే. డాగ్‌రిడ్జ్ వేరుమూలం మీద అంటుకట్టిన మొక్కలు లారీల్లో వస్తాయి. లారీ దిగగానే కట్టలు విప్పి, అంటు అతుకు దగ్గర చుట్టిన ప్లాస్టిక్ అంచుల్లో, కణుపుల పక్కన చూడాలి. డిప్పలున్న మొక్కను తిప్పి పంపించే హక్కు కొనేవాడికి ఉంటుందని ముందే మాట్లాడుకోవాలి. నాటాక ఆ మాట ఎవరూ వినరు.

మీకు ఒక విన్నపం. ఏప్రిల్ మొదటి వారంలో మీ వ్యవసాయ పేజీలో గట్టి పొలుసు, మెత్త పొలుసు, పిండినల్లి ఫోటోలు మూడూ పక్కపక్కన, ప్రతిదానికీ పక్కన ఒక గుండుసూది పెట్టి తీసినవి అచ్చు వేయండి. రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలను అడిగితే సాయపడగలరు. ఉద్యానశాఖ అధికారులకు కూడా ఒక మాట. ప్లాట్ల కోసం అమ్మేసి, కత్తిరించేవాళ్లు లేక పందిరి మీదే వదిలేసిన ద్రాక్ష తోటలు నగరం చుట్టూ ఉన్నాయి. వాటి మీద పొలుసు, పిండినల్లి ఏ అడ్డూ లేకుండా పెరిగి గాలికి, పక్షుల కాళ్లకు, చీమలకు అంటుకుని పక్క తోటలకు వస్తుంటాయి. ఇల్లు కట్టేదాకా ఆగకుండా ఆ తీగలను మొదలంటా నరికి కాల్చేయమని స్థలం యజమానులకు ఏప్రిల్‌కు ముందే నోటీసు ఇప్పించాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, రంగారెడ్డి జిల్లా